దుప్పులు దిగిన ఏడు

మొదటిసారి చూసినప్పుడు అది దుప్పి అనుకోలేదు. ఎవరి దూడో తప్పిపోయి జీడితోటలో పడిందనుకున్నాం. తెల్లవారుతూనే నేను, మా అత్త సన్యాసమ్మ జీడిపిక్కలు ఏరడానికి బుట్టలు తీసుకుని వెళ్ళాం. మా తోటకీ పక్కనున్న నీలమ్మత్త తోటకీ నడుమ ఆవిడ బోరు ఉంది. బోరు పక్కన పశువులు తాగడానికి కట్టిన సిమెంటు కుండీ ఉంది. ఆ కుండీలో తల పెట్టి, ముందుకాళ్ళు మడుచుకుని పడి ఉంది అది. దగ్గరికి వెళ్తే ఒంటి మీద తెల్లచుక్కలు కనబడ్డాయి. కుండీలో నీళ్ళు లేవు. అడుగున ఎండి పెచ్చులు లేచిన పాచిని నాకినట్టుంది, నాలిక మీద పచ్చటి పొడి అంటుకుని ఉంది.

"సచ్చిపోనాదే హేమా," అంది అత్త. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత బుట్ట చంకన పెట్టుకుని చెట్ల కిందికి వెళ్ళిపోయింది. ఆ పూట ఏరాల్సిన పిక్కలన్నీ ఏరింది.

మా అత్త మెత్తని మనిషని ఊళ్ళో ఎవరూ అనరు. మామ కిడ్నీ జబ్బుతో పోయిన రోజున కూడా, తోటలో కూలికొచ్చిన వాళ్ళకి అన్నాలు పెట్టించి గిన్నెలు బోర్లించాకే గోడకి జేరబడి ఏడ్చింది. అందుకని ఆ దుప్పి సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఏడు కార్తీకం దాటాక చినుకు లేదు. ఫాల్గుణానికే బావులు అడుగంటాయి. గడ్డి దొరక్క ఊళ్ళో సగం మంది పశువుల్ని తెగనమ్ముకున్నారు. జీడిచెట్టు ఒక్కటే మొండిది. నీళ్ళున్నా లేకపోయినా ఆకు నిలుపుకుంటుంది, ఎంతో కొంత కాస్తుంది. మందస కొండల మీద పచ్చనిదన్నది మాడిపోయాక, కింద మా ఉద్దానం తోటల్లో ఈ పచ్చదనం చూసి దుప్పులు దిగివచ్చాయి. ఎలుగుబంట్లంటే మాకు కొత్త కాదు, జీడిపళ్ళ కాలంలో ఏటా వస్తాయి, పోతాయి. దుప్పుల్ని మాత్రం మా ఊరివాళ్ళు అంతకు ముందు చూసింది లేదు.

సాయంత్రం అత్త కంచె దగ్గరికి వెళ్ళి నీలమ్మత్తని పిలిచింది. నీలమ్మత్త మాకు చుట్టమేమీ కాదు. ఇద్దరూ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. అప్పటి నుంచి ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు, పిక్కల కాలమంతా కంచెకి అటొకరు ఇటొకరు మాట్లాడుకుంటూనే ఏరుతారు.

"వదినా, నీ కుండీలో నీళ్ళెట్టాల."

"ఎవులికి? ఆవుని అమ్మేసినాం కదా."

"దుప్పులికి. ఇంకా ఉన్నాయి. మా తోట సివర అడుగులు కనబడినాయి."

నీలమ్మత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "నా బోరే అంతంతమాత్రంగా పోత్తంది. ఎండిపోతే కొబ్బరిమొక్కలు ఏటవుతాయి?"

"పొద్దుగూకే ముందు ఒక్కపాలి పెట్టు. అంతకంటే అడగను."

"నీళ్ళు తాగి ఊరుకుంటాయేటి? మేతో? పసువులికే గడ్డి దొరకడం నేదు."

"దానికి కర్సేటి నేదులే," అంది అత్త, కాలితో కింద చూపిస్తూ.

ఆవిడ పాదాల దగ్గర జీడిపళ్ళ కుప్ప ఉంది. పలాసలో ఫ్యాక్టరీలకి కావలసింది పిక్క. పిక్కని తిప్పి తీసేసుకున్నాక పండు మాకు చెత్త. పిల్లలు ఉప్పద్దుకుని ఒకటో రెండో తింటారు. మిగిలినవి చెట్ల కిందే కుప్పపోస్తాం, అవి పులిసి, పురుగు పట్టి, మట్టిలో కలిసిపోతాయి. అత్త ఆ పళ్ళని బుట్టలకెత్తి కుండీ పక్కకి చేర్చడం మొదలుపెట్టింది. నీలమ్మత్త మోటారు వేసింది.

రెండో సాయంత్రానికే పళ్ళు తగ్గాయి. ఆ తర్వాత మేం చెట్ల చాటున నిలబడి చూశాం. ఆరేడు ఉంటాయి. భయపడుతూ వచ్చాయి, తిన్నాయి, తాగాయి, వెళ్ళిపోయాయి. మర్నాటి నుంచి అత్త మా కుక్కని సాయంత్రం పూట కట్టేయమంది.

నీలమ్మత్త కొడుకు రాజేంద్ర పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చేవాడు. ఒకరోజు సైకిలు ఆపి కుండీ వైపు చూసి నవ్వాడు. "ఈ బోరు నీళ్ళు తాగితే వాటికీ కిడ్నీలు పోతాయత్తా. కేన్ నీళ్ళు తెప్పించు."

"నువ్వు తెత్తే పోత్తాను," అంది అత్త. ఇద్దరూ నవ్వారు. ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో మంచాన పడే మా దగ్గర, అలాంటి మాటలకి నవ్వుతారు.

కొద్దిరోజులకి ఊరంతటికీ తెలిసింది. కొందరు వచ్చి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. పక్క తోటలవాళ్ళు తమ పళ్ళు కూడా తెచ్చి అక్కడే పోయడం మొదలుపెట్టారు. పుణ్యానికి పుణ్యం, వాళ్ళ చెట్ల కింద శుభ్రం. దుప్పులు తిన్నదాని కంటే కుప్ప వేగంగా పెరిగింది. ఎండకి పళ్ళు పులిసి, కల్లు కుండ మూత తీసినట్టు వాసన దారి దాకా వచ్చేది.

నా భర్త మనోహర్ పలాస స్టేషన్ నుంచి ఊళ్ళ మీదికి ఆటో తిప్పుతాడు. ఒక మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆ మాటే అన్నాడు. "అమ్మా, దారంతా వాసన కొడతంది. ఎలుగు వచ్చేత్తాది."

"అది ఏటా వత్తాది. కుప్ప నేని ఏడు రానేదా?"

"వచ్చింది. అలగని పిలిసి పెడతావేటి?"

అత్త పులుసు గిన్నె కొడుకు ముందుకి జరిపింది. "తిను," అంది. మర్నాడు ఉదయం మాత్రం కుప్పలో సగం బుట్టలకెత్తించి తోట చివరికి, ఊరికి దూరంగా మోయించింది. రెండు రోజుల్లో జనం మళ్ళీ దగ్గరి చోటనే పోశారు.

నీలమ్మత్త మీద ఎలుగు పడింది ఆ వారంలోనే. తెల్లవారి మసక ఇంకా విడిపోలేదు. నేను పొయ్యి అంటిస్తున్నాను. తోట వైపు నుంచి అత్త నా పేరు పెట్టి పిలిచింది. గట్టిగా అరిచిన అరుపు కాదు, ఏదో సాయం పట్టడానికి పిలిచినట్టు పిలిచింది. వెళ్ళేసరికి నీలమ్మత్త కుండీకి జేరబడి కూర్చుని ఉంది. ముఖానికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు అసలు రంగు ఏమిటో తెలియడం లేదు. అత్త చేతిలో బోరు పక్కనుండే ఇనపగొట్టం ఉంది. ఎలుగుని ఆ గొట్టంతో అదిలించిందట. నేను తర్వాత అడిగినా ఆవిడ ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, చూసినవాళ్ళు చెప్పారు.

మనోహర్ ఆటో తెచ్చాడు. రాజేంద్ర ముందు కూర్చున్నాడు. నేనూ అత్తా వెనక సీట్లో నీలమ్మత్తని పట్టుకుని కూర్చున్నాం. దారిలో ఆవిడ ఒక్కసారే మాట్లాడింది.

"బుట్ట అక్కడే ఉండిపోనాది."

"తెత్తాన్లే," అంది అత్త.

పలాసలో కట్లు కట్టి, అక్కడి నుంచి విశాఖ పెద్దాసుపత్రికి పంపారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఎడమ కన్ను ఉండదన్నారు.

ఆ కుప్ప వల్లే ఎలుగు వచ్చిందా, కుప్ప లేకపోయినా వచ్చేదా అన్నది ఎవరూ తేల్చలేరు. ఊరు మాత్రం తేల్చేసింది. మొన్నటిదాకా బుట్టలతో పళ్ళు తెచ్చి పోసినవాళ్ళే మా వాకిలి ముందు నిలబడి మాట్లాడారు. అత్త అరుగు మీద కూర్చుని విన్నది. మీరూ పోశారు కదా అనలేదు. నేను అనబోతే చెయ్యి పట్టి ఆపింది.

రాజేంద్ర విశాఖ నుంచి బట్టల కోసం వచ్చిన రోజున నేరుగా తోటకి వెళ్ళాడు. గునపం తీసుకుని సిమెంటు కుండీని పగలగొట్టాడు. మేం కంచెకి ఇవతల ఉన్నాం. చివరి పెచ్చు ఊడిపడేదాకా కొట్టాడు. తర్వాత గునపం అక్కడే పడేసి అత్త వైపు చూశాడు.

"ఒక్క కుండీతో పోదత్తా నా కోపం," అన్నాడు. బట్టల కోసం ఇంటి వైపు వెళ్ళిపోయాడు.

అటవీశాఖ బీటు గార్డు వచ్చి అన్నీ చూసుకున్నాడు. టపాకాయలు పేల్చి ఎలుగుని కొండ వైపు తరుముతామన్నాడు. పళ్ళు కుప్పలు పోయొద్దని, గోతులు తీసి పూడ్చాలని, దుప్పులకి ఊరి దగ్గర ఏదీ పెట్టొద్దని చెప్పాడు. ఎదురుచెప్పిన మనిషి లేడు. ఆ సాయంత్రమే అత్త పార తీసుకుంది. మా కుప్ప, ఊరివాళ్ళు పోసిన కుప్ప అంతా తానే పూడ్చింది. మనోహర్ పార అందుకోబోతే ఇవ్వలేదు.

మర్నాడు నేను తోటకి వెళ్ళేసరికి అత్త మా చెట్ల కింద లేదు. కంచెకి అటువైపు, నీలమ్మత్త చెట్ల కింద వంగి పిక్కలు ఏరుతోంది. పక్కన నీలమ్మత్త బుట్ట ఉంది. రాలిన పిక్కని అలా వదిలేస్తే నేల మీదే పాడైపోతుంది, ఆ ఇంట్లో ఏరే మనిషి లేదు. ఏరి, పళ్ళు తీసి గోతిలో వేసి, పిక్కలు ఆ ఇంటి వాకిట్లో ఆరబోసి వచ్చింది.

"మన తోటో?" అనడిగాను.

"నువ్వున్నావు కదా," అంది.

అలా ఆ ఏటి నుంచి మా తోట నా చేతికొచ్చింది. ఎక్కడ ఏరాలి, ఏ చెట్టుకి ఎప్పుడు రాలతాయి, ఎవరిని కూలికి పిలవాలి, అన్నీ నేనే చూసుకున్నాను. అత్త చీకట్లో లేచి అటు వెళ్ళేది, ఎండ ముదిరాక వచ్చేది. నీలమ్మత్త ఇల్లు చేరాక కూడా ఆపలేదు. నీలమ్మత్త సగం ముఖానికి కట్టుతో వీధిగదిలో మంచం మీద కూర్చుని ఉండేది. అత్త వాకిట్లో పిక్కలు పోసేది, చేత్తో సర్దేది, గుమ్మం వైపు ఒకసారి చూసేది. లోపలి నుంచి మాట వచ్చేది కాదు. అత్త తిరిగి వచ్చేసేది. ఒకరోజు నేను కూడా వెంట ఉన్నాను. నీలమ్మత్త ఒంటికన్ను అత్త చేతుల మీదే ఉంది, అవి కదిలినంతసేపూ కదిలింది.

"ఏటైనా అంటే బాగుండు," అన్నాను దారిలో.

"అనకపోతే ఏటి? దాని కన్ను పోనాది. మాట కూడా నాకియ్యాలేటి?" అంది అత్త.

దుప్పులు మాత్రం ఇవేవీ ఎరగవు. పొద్దుగూకే వేళకి వచ్చి పగిలిన కుండీ చుట్టూ నిలబడేవి. పెచ్చులు వాసన చూసేవి. ఎండ తగ్గాక నేను మా చివరి చెట్ల దగ్గర పని ముగించే సమయమూ అదే. ఊరివాళ్ళు ఒకరిద్దరు రాళ్ళు విసిరితే కాస్త దూరం పరుగెత్తి మళ్ళీ వచ్చేవి. నాకు వాటి మీద ప్రేమేమీ లేదు. కాని రోజూ వచ్చి అలా నిలబడేవాటిని చూడటం కంటే వాటికి ఇంత ఆకు మోయడం తేలికనిపించింది.

మనోహర్‌తో చెప్పాను. అతను వెంటనే ఒప్పుకోలేదు. "మళ్ళీ ఏదైనా అయితే ఊళ్ళో ఉండనివ్వరు," అన్నాడు.

"ఊళ్ళో వద్దు. కొండ కింద పెడదాం. పళ్ళు వద్దు, ఉత్తి ఆకే."

అతను బీటు గార్డుని అడిగి వచ్చాడు. కొండ కింద జంతువుల కోసం తవ్విన గుంట ఒకటి ఉంది, దాన్ని ట్యాంకరుతో నింపుతూనే ఉన్నారు, మేతకే దారి లేదు అన్నాడట గార్డు. మీ చెట్ల ఆకు మీరు కొట్టి అక్కడ పడేస్తే నేను వద్దననుగాని, తియ్యగా వాసన కొట్టేది ఒక్కటి కూడా ఉండకూడదు అన్నాడట.

పలాస కూరగాయల మార్కెట్లో కాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకుని, క్యాబేజీ పైరేకుల్ని విరిచి ఒక మూల పారేస్తారు. మధ్యాహ్నానికి అది మోకాలెత్తు అవుతుంది, ఎవరైనా తీసుకెళ్తే వాళ్ళకే మేలు. మనోహర్ తిరుగు ట్రిప్పులో మనుషులు లేనప్పుడు రెండు గోనెసంచుల ఆకు వేసుకొచ్చేవాడు. ఇంటి దగ్గర పనసాకు, మునగాకు, రావిమండలు నేను దోటితో లాగేదాన్ని. గెల కోసేసిన అరటిచెట్ల బోదెలు ఎవరిని అడిగినా ఇచ్చేవారు, వాటిని చిన్న ముక్కలు కొట్టేదాన్ని. అరటిబోదెలో మేతా ఉంది, నీళ్ళూ ఉన్నాయి.

వాటిని ఊరి దగ్గర నుంచి కొండకి మళ్ళించడమే కష్టమైంది. మొదట తోటల అవతల ఇసుకదిబ్బ మీద కొద్దిగా వేశాను. అక్కడికి అలవాటు పడ్డాక మరికాస్త దూరం. అలా ప్రతిరోజూ జరుపుకుంటూ పోయాను. వాటికి ఆ ఆకు మొదట నచ్చలేదు. క్యాబేజీ ఆకుని ముట్టుకోలేదు కూడా. పనసాకుతో కలిపి వేస్తే అది ఏరుకుని ఇది వదిలేసేవి. ఆకలి ఎక్కువైన రోజున అదీ తిన్నాయి. దారి మధ్యలో ఒక పిల్ల చచ్చిపోయింది. నేను ఆకు ఆలస్యం చేసినందుకా, ముందే జబ్బుదా, తెలియదు. పక్కకి లాగి ఇసుక కప్పాను. ఎండలు ముదిరేసరికి అవి కొండ కింది గుంట దగ్గరే ఉండిపోవడం మొదలుపెట్టాయి. ఆటో వెళ్ళగలిగినంత దూరం ఆటోలో, అక్కడి నుంచి నెత్తి మీద మూట పెట్టుకుని నేను నడిచేదాన్ని.

అత్త అడగలేదు, నేను చెప్పలేదు. ఒక ఉదయం లేచేసరికి గుమ్మం పక్కన పనసాకు మోపు ఒకటి కట్టి పెట్టి ఉంది. ఆవిడ అప్పటికే నీలమ్మత్త తోటకి వెళ్ళిపోయింది. తర్వాత రోజూ ఒక మోపు ఉండేది.

పిక్కల కాలం ముగిసింది. నీలమ్మత్త పిక్కల్ని బస్తాలకెత్తి, మూతులు కుట్టి, రాజేంద్రకి అప్పగించి వచ్చింది అత్త. రాజేంద్ర ఆవిడని వీధి దాకా సాగనంపాడు. "కుండీ మళ్ళీ కట్టించాల," అన్నాడట. ఎవరి కోసమని ఆవిడ అడగలేదు.

జూన్‌లో సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. వరసగా నాలుగైదు రోజులు పడింది వాన. వెలిసిన మర్నాడు నీలమ్మత్త మా ఇంటికి వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ వీధిలోకి రావడం అదే మొదలు. కొంగుని ఎడమ చెంప మీదికి లాక్కుని గుమ్మంలో నిలబడింది. చేటలో బియ్యం చెరుగుతున్న అత్త లేచి నిలబడింది. నీలమ్మత్త నా వైపే చూసింది.

"హేమా, దుప్పులకి ఆకెక్కడ ఏత్తన్నారు?"

"కొండ కింద, నీలమ్మత్తా."

"నన్నోపాలి తీసుకెల్లు."

మనోహర్ ఆటో తీశాడు. నీలమ్మత్త ఎక్కి, సీటు మధ్యలో కూర్చోకుండా ఒక చివరికి జరిగింది. నేనెక్కాను. ఇంకా ఒక మనిషికి చోటుంది. నీలమ్మత్త నేరుగా ముందుకే చూస్తూ కూర్చుంది, పద అనలేదు. అత్త చేట అరుగు మీద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని వచ్చి ఎక్కింది.

కొండ కింద దిగి నడిచాం. నీలమ్మత్తకి ఎడమ పక్క రాళ్ళు కనబడటం లేదు, నేను ఆ పక్కన నడిచాను. వాన ముందు నేను వేసిన ఆకు వేసినట్టే ఉంది, నానిపోయి నల్లబడింది. గుంట నిండి పొర్లుతోంది. కొండ మీద, రాళ్ళ సందుల్లో, అంతటా సన్నగా గడ్డి మొలిచింది. దుప్పులు లేవు.

నీలమ్మత్త ఒక రాయి మీద కూర్చుంది. మేం నిలబడ్డాం. చాలాసేపు చూశాం.

"ఎల్లిపోనాయా?" అంది చివరికి.

"గడ్డి వచ్చింది కదా, పైకి పోయుంటాయి," అన్నాను.

"నానొక్కపాలీ సూడనేదు. మోటారేసి ఇంటికెల్లిపోయీదాన్ని. మావోడొచ్చే యేళకి అన్నం వండాల కదా."

నీలమ్మత్త ఒకే కంటితో చూడాలి గనక తల పూర్తిగా ఎడమకి తిప్పి, కాస్త వెనగ్గా నిలబడి ఉన్న అత్త వైపు చూసింది.

"ఎలగుంటాయి వదినా?"

"సిన్నయే," అంది అత్త. "పెయ్యదూడంత. సెవులు మట్టుకు పెద్దయి. ఆకు రాలినా అటు తిప్పుతాయి."

"ఊఁ."

"అన్నీ ఒక్కపాలి తాగవు. ఒకటి తాగితే ఇంకోటి తలెత్తి సూత్తాది. అది తాగినాక ఇది."

"కొమ్ములుంటాయా?"

"పోతుకే. ఆ పోతు దగ్గరికి రాదు. దూరంగా నిలబడి, అన్నీ తిన్నాక అప్పుడొత్తాది." అత్త ఆగింది. "ఒకదానికి కాలు కుంటి. అది అన్నిటికంటే ఎనక."

నీలమ్మత్త రాయి మీద కాస్త పక్కకి జరిగింది. అత్త వచ్చి కూర్చుంది.

"ఇంకా?" అంది నీలమ్మత్త.

అత్త చెబుతూనే ఉంది. పొద్దు వాలుతోందని మనోహర్ దారి దగ్గర నుంచి ఒకసారి హారన్ కొట్టాడు. తర్వాత అతనికీ వాళ్ళిద్దరూ ఒకే రాయి మీద కూర్చోవడం కనబడింది కాబోలు, ఆటో ఇంజను ఆపేశాడు.